మోయడానికి తేలిక, పేల్చడానికి కుదురు: తేలికపాటి బోల్ట్ యాక్షన్ వేట రైఫిల్ ఎంచుకోవడం ఎలా

కొండ ఎక్కడం మొదలుపెట్టి నాలుగు గంటలైంది. భుజాన రైఫిల్ ఉందన్న సంగతే మర్చిపోయాను. అంత తేలిక. కొన్నప్పుడు నన్ను మురిపించింది కూడా అదే. శిఖరం దాటి అవతలి వాలులోకి తొంగి చూస్తే 180 మీటర్ల దూరంలో మగ జింక పక్కకు తిరిగి మేస్తోంది. కూర్చుని, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి స్కోప్‌లో చూశాను. గుండె కొట్టుకున్నప్పుడల్లా క్రాస్ గీత జింక భుజం మీంచి పొట్ట మీదికి, అక్కణ్ణుంచి వీపు మీదికి ఎగురుతోంది. ఊపిరి బిగబట్టినా ఆగలేదు. ఆగినట్టు అనిపించిన క్షణంలో ట్రిగ్గర్ లాగాను. గుండు జింక వీపు మీదుగా పోయి వెనక వాలులో దుమ్ము లేపింది. జింకకు ఎక్కడా తగల్లేదు, అదొక్కటే ఊరట. గాయంతో పారిపోయి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు.

రేంజ్‌లో ఇసుక బస్తా మీద పెట్టి కాల్చినప్పుడు అదే రైఫిల్ 100 గజాల దగ్గర మూడు గుండ్లను అంగుళం వెడల్పులో పెట్టింది. తుపాకిలో ఏ లోపమూ లేదు. నేనే కేటలాగ్‌లో బరువు అంకె చూసి, ఇంకేమీ చూడకుండా కొన్నాను. తేలిక అనేది కాళ్ళకు చేసే మేలు. గురి కుదరడం చేతుల పని. ఈ రెండింటికీ మధ్య ఎక్కడ ఆగాలో తేల్చుకోవడమే తేలికపాటి రైఫిల్ ఎంపికలో అసలు పని. చట్టం వేటను ఒప్పుకునే చోట, లైసెన్సు, అనుమతి ఉండి, మొదటిసారి ఇలాంటి రైఫిల్ కొనాలనుకునేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. బోల్ట్ యాక్షన్ అంటే, ప్రతి తూటాకూ బోల్ట్ అనే ఉక్కు కడ్డీని పిడి పట్టి చేత్తో వెనక్కి లాగి ముందుకు తోసే రకం.

ముందు రెండు మాటలు తేల్చుకుందాం. తూటా అంటే ఇక్కడ ఇత్తడి తొడుగు, మందు, గుండు అన్నీ కలిసినది. గుండు అంటే గొట్టంలోంచి బయటికి వెళ్ళే ముక్క ఒక్కటే. ఈ రెండూ కలగాపులగం అయితే ముందు చెప్పబోయే లెక్కలు అర్థం కావు.

తూకం ఎక్కడ వేయాలి

కంపెనీ చెప్పే బరువు ఉత్త రైఫిల్‌ది. ఉత్త రైఫిల్ పట్టుకుని ఎవరూ వేటకు వెళ్ళరు. స్కోప్ 350 నుంచి 600 గ్రాములు ఉంటుంది. దాన్ని బిగించే రింగులు, బేస్‌లు కలిపి 100 నుంచి 200. భుజానికి తగిలించుకునే పట్టీ మరో 100, 150. .308 వించెస్టర్ తూటా ఒక్కోటి 25 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి ఐదు తూటాలు అంటే ఇంకో 120. ముందు భాగం కింద బిగించే రెండు కాళ్ళ ఆనిక, బైపాడ్, తగిలిస్తే 350 నుంచి 500. ఇవన్నీ కలిపితే ఉత్త రైఫిల్ మీద ఎంత తక్కువ లేదన్నా 700 గ్రాములు పడుతుంది, చూసుకోకపోతే కిలోన్నర దాకా పోతుంది.

అందుకే నేను ఎవరికి చెప్పినా ముందు ఇదే చెబుతాను: స్కోప్, పట్టీ, తూటాలతో కలిపి మొత్తం ఎంత రావాలో ముందు అనుకోండి, తర్వాత వెనక్కి లెక్క కట్టండి. రోజంతా కొండలెక్కే మనిషికి మొత్తం బరువు 3.2 నుంచి 3.6 కిలోల మధ్య ఉంటే సరిపోతుందని నా అభిప్రాయం. 3 కిలోల కన్నా కిందికి వెళ్ళాలంటే తక్కువగా తన్నే తూటా ఎంచుకోవాలి, సాధన కూడా బాగా చేయాలి. 4 కిలోలు దాటితే దాన్ని తేలికపాటి రైఫిల్ అనడం మానేయవచ్చు. మంచెలో కూర్చుని వేటాడేవాళ్ళకు, బండి దిగి అరగంట నడిచేవాళ్ళకు అసలు ఈ తంటా అక్కర్లేదు. వాళ్ళకు కాస్త బరువున్న రైఫిలే హాయి.

2.2 కిలోల రైఫిల్ కొని దాని మీద 700 గ్రాముల పెద్ద స్కోప్ ఎక్కించేవాళ్ళను చాలామందిని చూశాను. పెట్టిన డబ్బంతా అక్కడికక్కడే వృథా. పైగా బరువంతా పైకి చేరి, భుజాన వేసుకుంటే రైఫిల్ పక్కకు తిరిగిపోతూ ఉంటుంది, చేతిలో పట్టుకుంటే ఒక వైపుకు ఒరుగుతుంది.

తన్ను సంగతి

గుండు, మందు వాయువు కలిసి ముందుకు వెళ్ళే ఊపు ఎంతో, రైఫిల్ వెనక్కి వచ్చే ఊపు అంతే. ఊపు మారదు. రైఫిల్ తేలికైతే అదే ఊపుకు ఎక్కువ వేగంతో వెనక్కి వస్తుంది. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, లెక్క కడితే తన్నే శక్తి రైఫిల్ బరువుకు విలోమంగా ఉంటుంది. 4 కిలోల రైఫిల్ 3 కిలోలకు దిగితే అదే తూటాకు తన్ను మూడో వంతు పెరుగుతుంది.

అంకెల్లో చూద్దాం. 150 గ్రెయిన్ల (సుమారు 9.7 గ్రాముల) గుండు ఉన్న .308 తూటాను అన్నీ కలిపి 3.6 కిలోలున్న రైఫిల్‌లో కాలిస్తే భుజానికి సుమారు 20 జౌళ్ళ శక్తి తగులుతుంది. 2.9 కిలోల రైఫిల్‌లో అదే తూటా 25కు వస్తుంది. ఆ 2.9 కిలోల రైఫిలే మాగ్నమ్, అంటే మందు ఎక్కువ పట్టే పెద్ద తూటా, .300 వించెస్టర్ మాగ్నమ్‌ది అయితే 50కి దగ్గరవుతుంది. ఇది నేను కట్టిన ఉజ్జాయింపు లెక్క. మందును బట్టి, గుండును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఆ 50 మాత్రం ఒకసారి తగిలితే మర్చిపోలేరు.

నొప్పి అంత పెద్ద విషయం కాదు. అసలు భయం అలవాటు గురించి. గట్టిగా తన్నే రైఫిల్‌ను పది పదిహేను సార్లు కాల్చాక ఒళ్ళు దానంతట అదే ముందుగా బిగుసుకోవడం మొదలెడుతుంది. ట్రిగ్గర్ లాగే క్షణానికి అర సెకను ముందు కళ్ళు మూసుకుంటాయి, భుజం ముందుకు తోస్తుంది. గుండు కిందికి, పక్కకు పోతుంది. ఇది ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది. ఒక స్నేహితుడికి తెలియకుండా తూటాల మధ్యలో ఒక ఖాళీ డమ్మీ తూటా పెట్టి కాల్చమన్నాను. పేలనప్పుడు రైఫిల్ మూతి నాలుగు వేళ్ళ మేర కిందికి వంగింది. అతనే నమ్మలేకపోయాడు. ఆ రోజు నుంచి మాగ్నమ్ పక్కన పెట్టి చిన్న తూటాకు దిగాడు, మళ్ళీ గురి తెచ్చుకున్నాడు.

అందుకే ముందు తూటా, తర్వాతే రైఫిల్

తేలికపాటి రైఫిల్ విషయంలో చాలామంది తలకిందులుగా మొదలుపెడతారు. ముందు మోడల్ మీద మనసు పారేసుకుని, తర్వాత ఏ తూటాలో దొరికితే అది కొంటారు. తూటా ముందు నిర్ణయం కావాలి.

జింక సైజు జంతువులకు, 300 మీటర్ల లోపు దూరానికి నా ఓటు 7 ఎంఎం-08 రెమింగ్టన్‌కు. .308 తొడుగు మెడను 7 మిల్లీమీటర్లకు సన్నం చేసి తయారుచేసిన తూటా ఇది, రెమింగ్టన్ 1980లో మార్కెట్లోకి తెచ్చింది. 140 గ్రెయిన్ల గుండుతో తేలిక రైఫిల్‌లో కూడా ఒళ్ళు హూనం చేయదు, పని మాత్రం పూర్తిగా చేస్తుంది. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ ఇంకొంచెం మెత్తన. టార్గెట్ షూటింగ్ కోసం పుట్టింది కానీ వేటలోనూ స్థిరపడిపోయింది, తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి. దొరకడం అన్నది చిన్న విషయం కాదు. ఇంటికి దూరంగా వేటకు వెళ్ళి తూటాల పెట్టె మర్చిపోతే, లేదా దారిలో పోగొట్టుకుంటే, అక్కడ ఉన్న ఒకే ఒక్క దుకాణంలో .308, .30-06, 6.5 క్రీడ్‌మూర్ ఉంటాయని ఆశ పెట్టుకోవచ్చు. 7 ఎంఎం-08 ఉంటుందో లేదో చెప్పలేం. నేను దాన్ని ఇష్టపడతాను కాబట్టి రెండు పెట్టెలు వేర్వేరు సంచుల్లో సర్దుకుంటాను.

.308 గురించి చెప్పేదేముంది, 1952 నుంచి ఉంది, అన్ని రకాల గుండ్లూ దొరుకుతాయి, తన్ను పై రెండింటి కన్నా కాస్త ఎక్కువ. కొత్తవాళ్ళకు, చిన్న జింకలకు .243 వించెస్టర్ మంచిదే, కానీ దానికి గుండు ఎంపికలో జాగ్రత్త కావాలి, దెబ్బ తగిలే చోటు కూడా కచ్చితంగా ఉండాలి. ఎల్క్ లాంటి పెద్ద జంతువులకు .270 వించెస్టర్, .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ అడిగేవాళ్ళు ఉంటారు. 3.5 కిలోల మొత్తం బరువు దగ్గర అవి భరించదగినవే. అంతకన్నా తేలిక రైఫిల్‌లో .300 మాగ్నమ్ మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. ఏడాదికి నాలుగు తూటాలు కాల్చేవాడికి అది ఎప్పటికీ లొంగదు, నలభై కాల్చేవాడిని అదే లొంగదీస్తుంది.

తూటా పొడవు రైఫిల్ బరువును కూడా నిర్ణయిస్తుంది. .308 కుటుంబం తూటాలు మొత్తం 71 మిల్లీమీటర్ల పొడవు, .30-06 కుటుంబం 85. పొట్టి తూటాకు పొట్టి యాక్షన్ (బోల్ట్ కదిలే లోహపు భాగం) సరిపోతుంది, ఉక్కు తగ్గుతుంది, బోల్ట్ వెనక్కి లాగే దూరం తగ్గుతుంది.

గొట్టం

బరువు తగ్గించాలంటే కంపెనీ మొదట కోసేది గొట్టాన్నే. సన్నగా చేస్తారు, పొట్టి చేస్తారు, గాడులు తీస్తారు. సన్న గొట్టం వల్ల గురి పోతుందని ఒక మాట ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. సన్న గొట్టం త్వరగా వేడెక్కుతుంది, అదీ అసలు సంగతి. మూడు గుండ్ల తర్వాత చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. నాలుగోది, ఐదోది పక్కకు జరగడం మొదలవుతుంది. వేటలో మీకు కావలసింది చల్లటి గొట్టం నుంచి వెళ్ళే మొదటి గుండు, మహా అయితే రెండోది. అందుకని రేంజ్‌లో ఐదు గుండ్ల గుంపు చూసి రైఫిల్‌ను తిట్టుకోకండి. వారం రోజుల పాటు రోజుకు ఒక్క గుండు, చల్లటి గొట్టంతో, ఒకే కాగితం మీద కాల్చండి. ఏడు రంధ్రాలు ఎలా పడ్డాయో చూస్తే మీ రైఫిల్ గురించి తెలియాల్సిందంతా తెలుస్తుంది.

పొడవు విషయంలో 20 నుంచి 22 అంగుళాలు నాకు నచ్చిన కొలత. అంగుళం తగ్గించిన కొద్దీ గుండు వేగం సెకనుకు 20 నుంచి 30 అడుగుల దాకా తగ్గుతుంది. .308 లాంటి తూటాకు 24 నుంచి 20 అంగుళాలకు దిగినా 300 మీటర్ల లోపు జింకకు ఆ తేడా తెలియదు. మాగ్నమ్‌లకు పొట్టి గొట్టం పెడితే మాత్రం మందు కాలే చోటు చాలక మంట, మోత మిగులుతాయి. మోత తగ్గించే సప్రెసర్‌కు అనుమతి ఉన్న చోట దాన్ని బిగించాలనుకుంటే మూతికి మర ఉన్నది, 20 అంగుళాలో అంతకన్నా తక్కువో ఉన్నది చూసుకోండి. లేకపోతే పొదల్లో నడవడం నరకం అవుతుంది.

కార్బన్ చుట్టిన గొట్టాల గురించి అందరూ అడుగుతారు. లోపల సన్నటి ఉక్కు గొట్టం, పైన కార్బన్ ఫైబర్ చుట్టు. అంతే లావున్న ఉక్కు గొట్టం కన్నా చాలా తేలిక, అంతే బరువున్న ఉక్కు గొట్టం కన్నా బిగువు ఎక్కువ. నిజమే. కానీ సన్నటి పెన్సిల్ లాంటి ఉక్కు గొట్టంతో పోలిస్తే అది తరచుగా బరువే. కాబట్టి కేవలం బరువు తగ్గడం కోసం కార్బన్‌కు డబ్బు పెట్టకండి. వరసగా ఎక్కువ గుండ్లు కాల్చే అలవాటు ఉండి, తేలికా కావాలి, లావూ కావాలి అనుకునేవాళ్ళకు అది న్యాయం చేస్తుంది.

మూతికి బిగించి వాయువును పక్కలకు మళ్ళించే మజిల్ బ్రేక్ తన్నును బాగా తగ్గిస్తుంది, అందులో అనుమానం లేదు. మోత మాత్రం పక్కలకు, వెనక్కి కొడుతుంది. పక్కన ఉన్న తోడు వేటగాడి చెవులు ఒక్క దెబ్బతో పాడవుతాయి. బ్రేక్ ఉన్న రైఫిల్ కొంటే చెవి రక్షణ లేకుండా ఒక్కసారి కూడా కాల్చకండి, పక్కవాళ్ళను కూడా కాల్చనివ్వకండి. వినికిడి పోతే తిరిగి రాదు.

స్టాక్ దగ్గర కాగితం ముక్క పరీక్ష

స్టాక్ అంటే గొట్టం, యాక్షన్ కూర్చునే, భుజానికి ఆనించే భాగం. చౌక ప్లాస్టిక్ స్టాక్ తేలిగ్గా ఉంటుంది, వానకు ఉబ్బదు, గీతలు పడినా బాధ లేదు. దాని బలహీనత ముందు భాగం. గొట్టానికీ స్టాక్‌కూ మధ్య ఒక కాగితం ముక్క దూర్చి, గొట్టం మొదటి దాకా లాగి చూడండి. సాఫీగా జారితే మంచిదే. ఇప్పుడు ఎడమ చేత్తో స్టాక్ ముందు భాగాన్ని గొట్టం వైపు గట్టిగా నొక్కి మళ్ళీ లాగండి. కాగితం ఇరుక్కుంటే, రాయి మీదో బైపాడ్ మీదో ఆనించి కాల్చినప్పుడు స్టాక్ వంగి గొట్టానికి తగులుతుందన్నమాట. అప్పుడు గుండు పడే చోటు మారిపోతుంది. ఈ పరీక్షకు అర నిమిషం చాలు. నేను చూసిన తేలికపాటి రైఫిళ్ళలో చాలా వాటి గుట్టు ఇక్కడే బయటపడింది.

కార్బన్, కెవ్లార్ స్టాక్‌లు ఖరీదు, కానీ వంగవు. 1980లలో అమెరికాలో వెస్ట్ వర్జీనియాకు చెందిన మెల్విన్ ఫోర్బ్స్ అల్ట్రా లైట్ ఆర్మ్స్ పెట్టి, గొట్టాన్ని గాలిలో తేలనివ్వకుండా పొడవునా స్టాక్‌కు ఆనించి కూర్చోబెట్టాడు. గొట్టం స్వేచ్ఛగా ఉండాలన్న వాడుకకు అది పూర్తిగా ఎదురు. స్టాక్ బిగువుగా ఉంటే ఆ పద్ధతీ పనిచేస్తుందని ఆయన రైఫిళ్ళు చూపించాయి. ఈ రోజు కొండ రైఫిల్ అని పిలుస్తున్న వాటిలో చాలా వాటికి దారి చూపింది ఆయన పనే అని నా నమ్మకం.

వాల్‌నట్ చెక్క అందం వేరు. చలిలో చెయ్యి పెడితే కూడా అది వెచ్చగా అనిపిస్తుంది. తడి నేలల్లో, వానల్లో వేట అయితే మాత్రం మనసు రాయి చేసుకుని సింథటిక్ తీసుకోండి.

బోల్ట్, సేఫ్టీ, ట్రిగ్గర్

మౌజర్ 1898 నాటి పద్ధతిలో, మ్యాగజైన్ నుంచి బయటికి వచ్చేటప్పుడే తూటా అంచును ఒక గోరు పట్టుకుంటుంది. దీన్ని కంట్రోల్డ్ ఫీడ్ అంటారు. బోల్ట్ సగం తోసి మనసు మార్చుకుని వెనక్కి లాగితే తూటా కూడా వెనక్కి వస్తుంది. పుష్ ఫీడ్‌లో తూటాను తోయడమే తప్ప, గొట్టం మొదట్లోని గదిలో, అంటే ఛాంబర్‌లో, పూర్తిగా కూర్చునేదాకా పట్టు ఉండదు. కంగారులో సగం తోసి వెనక్కి లాగితే మొదటిది అక్కడే ఉండి రెండోది వచ్చి ఇరుక్కుంటుంది. ఎదురు తిరిగి మీదికొచ్చే జంతువుల వేటలో కంట్రోల్డ్ ఫీడ్ కావాలనడంలో అర్థం ఉంది. కొండ మీద జింకకు ఏదైనా సరే. బోల్ట్‌ను చివరిదాకా లాగి చివరిదాకా తోసే అలవాటు చేసుకుంటే పుష్ ఫీడ్ ఎప్పుడూ ఇబ్బంది పెట్టదు.

రైఫిల్ పేలకుండా ఆపే మీట, సేఫ్టీని మాత్రం తేలిగ్గా తీసుకోను. సేఫ్టీ వేసి ఉండగానే బోల్ట్ తెరిచి తూటా బయటికి తీయగలగాలి. మూడు స్థానాల సేఫ్టీలో మధ్య స్థానం పని అదే. కంచె దాటే ముందు, చీకటి పడ్డాక దిగే ముందు రైఫిల్ ఖాళీ చేస్తాం కదా, సరిగ్గా అప్పుడే అలిసిపోయి, వేళ్ళు చలికి మొద్దుబారి ఉంటాం.

ట్రిగ్గర్ లాగడానికి పట్టే బలం తేలికపాటి రైఫిల్‌లో రెండింతలు ముఖ్యం. 2.3 కిలోల రైఫిల్‌కు 2 కిలోల ట్రిగ్గర్ ఉందనుకోండి, వేలు పెట్టే బలం దాదాపు రైఫిల్ బరువంత. రైఫిల్ కదలకుండా ఎలా ఉంటుంది? కిలో నుంచి కిలోన్నర మధ్య, ముందు జారుడు లేకుండా చటుక్కున తెగే ట్రిగ్గర్ కావాలి. తగ్గించుకునే వీలు లేనిది అయితే ఆ రైఫిల్ వదిలేయండి.

పేరుపేరునా

ఫిన్లాండ్‌లో సాకో తయారుచేసే టిక్కా టీ3ఎక్స్ లైట్ ఉత్త బరువు 2.9 కిలోలకు కాస్త అటూ ఇటూ. బోల్ట్ వెన్న మీద జారినట్టు జారుతుంది, ఇది మాటవరసకు అనడం లేదు, నిలువుగా పట్టుకుంటే దాని బరువుకు అదే కిందికి దిగుతుంది. ట్రిగ్గర్ బాగుంటుంది, పెట్టెలోంచి తీసిన రోజు నుంచే గురి ఉంటుంది. అన్ని తూటాలకూ ఒకే పొడవు యాక్షన్ వాడతారు కాబట్టి .308 తీసుకున్నా పొట్టి యాక్షన్ లాభం రాదు. సేఫ్టీ వేస్తే బోల్ట్ కూడా బిగుసుకుంటుంది, తూటా తీయాలంటే సేఫ్టీ తీయక తప్పదు. నేను పైన చెప్పిన పట్టింపు దృష్ట్యా ఇది నాకు నచ్చని అంశం, అయినా మొదటి తేలికపాటి రైఫిల్ ఏది కొనాలని అడిగితే ముందు ఇదే పేరు చెబుతాను. మంచి స్కోప్‌తో 3.6 కిలోల దగ్గర ఆగుతుంది, చేతిలో కుదురుగా ఉంటుంది.

రూగర్ అమెరికన్ 2012 ప్రాంతంలో మార్కెట్లోకి వచ్చిన చౌక రైఫిల్. బోల్ట్‌ను బిగించి పట్టే పళ్ళు, అంటే లగ్గులు, మూడు కాబట్టి పిడి 70 డిగ్రీలు లేపితే చాలు, స్కోప్‌కు వేళ్ళు తగలవు. యాక్షన్‌ను స్టాక్‌లోని లోహపు దిమ్మల మీద కూర్చోబెడతారు, గురి ధరకు మించి ఉంటుంది. బోల్ట్ మొదట్లో గరగరమంటుంది, వాడగా వాడగా సాఫీ అవుతుంది. డబ్బు పరిమితంగా ఉంటే ఇది తీసుకుని, మిగిలిన సొమ్ము స్కోప్‌కు, తూటాలకు ఖర్చు పెట్టడం చాలా తెలివైన పని.

కింబర్ మౌంటెన్ అసెంట్ ఇందుకు అటు చివర. .308 సైజులో ఉత్త బరువు సుమారు 2.2 కిలోలు. తూటాకు సరిపడా చిన్న యాక్షన్, కంట్రోల్డ్ ఫీడ్, మూడు స్థానాల సేఫ్టీ, గాడులు తీసిన గొట్టం, బోల్ట్, మూతికి మజిల్ బ్రేక్. చేత్తో పట్టుకుంటే నవ్వొస్తుంది, ఇంత తేలికా అని. నిజంగా రోజుల తరబడి గుడారం, తిండి, మాంసం అన్నీ వీపు మీద మోస్తూ ఎత్తు కొండల్లో తిరిగేవాళ్ళకు అది వరం. పట్టుకునే తీరు నేర్చుకోవాలి: ముందు చేత్తో స్టాక్‌ను గట్టిగా భుజంలోకి లాగి పట్టాలి, వీలైనప్పుడల్లా వీపు సంచి మీద ఆనించాలి. ఏడాదికి ఒకసారి బీరువాలోంచి తీసేవాళ్ళకు వద్దు.

వించెస్టర్ మోడల్ 70 ఫెదర్‌వెయిట్ పేరుకు ఈక బరువు, నిజానికి 3.1 కిలోల పైచిలుకు. మోడల్ 70 పుట్టింది 1936లో. 1964లో ఖర్చు తగ్గించడానికి కంట్రోల్డ్ ఫీడ్ తీసేస్తే వేటగాళ్ళు క్షమించలేదు, ఆ తర్వాత దాన్ని మళ్ళీ తెచ్చారు. వాల్‌నట్ స్టాక్, 22 అంగుళాల గొట్టం, మూడు స్థానాల సేఫ్టీ. స్కోప్‌తో 3.8 దాకా పోతుంది కాబట్టి నా లెక్క కన్నా కొంచెం ఎక్కువ. కానీ దీన్ని భుజానికి ఎత్తితే కళ్ళు మూసుకున్నా గురి దగ్గరే ఉంటుంది. బరువు రెండు చేతుల మధ్య పడుతుంది. ఈ హాయిని అంకెల్లో చెప్పలేను.

బ్రౌనింగ్ ఎక్స్ బోల్ట్‌కు మూడు లగ్గులు, 60 డిగ్రీల పిడి, సేఫ్టీ వేసి ఉండగా బోల్ట్ తెరవడానికి ప్రత్యేకంగా ఒక బటన్. ఒక్కో స్కోప్ బేస్‌కు నాలుగు స్క్రూలు ఇస్తారు, తన్ను ఎక్కువున్న రైఫిల్‌కు అది మంచి ఆలోచన. సావేజ్ 110 అల్ట్రాలైట్ కార్బన్ చుట్టిన గొట్టంతో 2.7 కిలోల దగ్గర ఉంటుంది, ట్రిగ్గర్ మీరే సవరించుకోవచ్చు, స్టాక్ పొడవు, చెంప ఎత్తు కూడా మార్చుకోవచ్చు. పొట్టివాళ్ళకు, పొడవు చేతులవాళ్ళకు దీన్ని మించింది నాకు కనపడలేదు.

స్కోప్ గురించి కొంచెం

2 నుంచి 7 రెట్లు, లేదా 3 నుంచి 9 రెట్లు చాలు. 400 గ్రాముల లోపు దొరుకుతాయి. కంటి దూరం, అంటే చిత్రం నిండుగా కనపడేటప్పుడు స్కోప్‌కూ కంటికీ మధ్య ఉండే ఎడం, కనీసం 9 సెంటీమీటర్లు ఉండాలి, ఇది మర్చిపోవద్దు. పడుకుని పైకి వాలు వైపు కాల్చేటప్పుడు ముఖం స్కోప్‌కు దగ్గరవుతుంది, తేలిక రైఫిల్ వేగంగా వెనక్కి వస్తుంది, స్కోప్ అంచు కనుబొమ్మను చీలుస్తుంది. నా ఎడమ కన్ను బాగానే ఉంది, కుడి కనుబొమ్మ మీద మాత్రం సగం చంద్రుడి ఆకారంలో మచ్చ ఉంది.

కొనే ముందు చేతిలోకి తీసుకున్నప్పుడు

రైఫిల్ ఖాళీగా ఉందని బోల్ట్ తెరిచి, ఛాంబర్‌లో చిటికెన వేలు పెట్టి మీరే చూసుకోండి. తర్వాత కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తి, చెంప ఆనించి, కళ్ళు తెరవండి. స్కోప్‌లో చిత్రం నిండుగా కనపడాలి. మెడ సాగదీయాల్సి వస్తే స్టాక్ మీకు సరిపోలేదు. వేటలో వేసుకునే మందపాటి కోటు వేసుకుని ఇదే మళ్ళీ చేయండి. మామూలు స్టాక్‌లు 13.5 అంగుళాల పొడవు ఉంటాయి, కోటు వేశాక అదే ఎక్కువై స్టాక్ వెనక కొస చంకలో తట్టుకుంటుంది.

అప్పుడు చెంప తీయకుండా బోల్ట్ నాలుగైదు సార్లు ఆడించండి. పిడి మీ బొటనవేలిని స్కోప్‌కు కొడుతుందా, రైఫిల్ పక్కకు ఊగుతుందా చూడండి. చివరగా నేల మీద కూర్చుని, మోకాళ్ళ మీద మోచేతులు పెట్టి, గోడ మీద ఒక చిన్న గుర్తు ఎంచుకుని నిమిషం పాటు గురి పట్టండి. దుకాణంవాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి. గుర్తు చుట్టూ క్రాస్ గీత ఎంత వలయం గీస్తోందో అక్కడే తెలిసిపోతుంది. రెండు రైఫిళ్ళ మధ్య తేల్చుకోలేకపోతుంటే ముందు ఇరవై గుంజీలు తీసి అప్పుడు ఈ పరీక్ష చేయండి. ఎగశ్వాస మీద ఉన్నప్పుడు ఏది త్వరగా కుదురుకుంటే అది మీ రైఫిల్, 300 గ్రాములు ఎక్కువైనా సరే.

నా విషయంలో ఆ కొండ తర్వాత జరిగింది అదే. ఆ తేలిక రైఫిల్ అమ్మేసి, 7 ఎంఎం-08లో 22 అంగుళాల గొట్టంతో, అన్నీ కలిపి 3.4 కిలోలు తూగేది తీసుకున్నాను. కొత్తగా ఎక్కే కొండల్లో అప్పుడప్పుడూ భుజం గుర్తు చేస్తుంది, ఉందని. ఇంట్లో రోజూ పడుకునే ముందు ఛాంబర్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, డమ్మీ తూటా పెట్టి, కూర్చుని పది సార్లు, మోకాలి మీద పది సార్లు ట్రిగ్గర్ లాగుతాను. మరుసటి ఏడాది అదే వాలులో, ఇంచుమించు అదే దూరంలో, అదే భంగిమలో కూర్చున్నప్పుడు గీత జింక భుజం దాటి బయటికి పోలేదు.